ఇంటిగ్రేజ్ అంటే ఏంది, టీచరమ్మా?

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నాకు హెచ్.ఐ.వి. ఉంది. ఈ రెండు మాటల్ని ఒకదాని పక్కన ఒకటి రాయడానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది.

నా భర్తకు సొంత లారీ ఉండేది. పిడుగురాళ్లలో సున్నం లోడు ఎత్తుకుని బళ్ళారి వైపు, నాగపూర్ వైపు పోయేవాడు. పెళ్ళయిన అయిదో ఏట ఆయనకు విడవని జ్వరం పట్టుకుంది. అదేమిటో తేలేసరికి ఆలస్యమైపోయింది. ఆయన పోయిన నెల తర్వాత నేను కూడా పరీక్ష చేయించుకున్నాను. ఫలితం చెప్పినామె నేను ఏడుస్తానేమోనని మంచినీళ్ళ గ్లాసు దగ్గర పెట్టుకుంది. నేను ఏడవలేదు. మధ్యాహ్నం రెండు పీరియడ్లున్నాయి, బస్సు తప్పిపోతుంది అని లేచి వచ్చేశాను.

అప్పటి నుంచి నెలకోసారి గురజాలలో బస్సెక్కి పిడుగురాళ్ల మీదుగా నరసరావుపేట వెళ్ళి మందులు తెచ్చుకుంటాను. బడిలో ఏదో ఆఫీసు పనుందని చెప్పి సెలవు పెడతాను. ముఖానికి స్కార్ఫ్ కట్టుకుంటాను. మా పల్నాడు ఎండలకు ఎవరైనా కట్టుకుంటారు కాబట్టి అదొక వెసులుబాటు.

మందులిచ్చే చోట వరండాలో పొడుగాటి బల్ల ఒకటుంది. అక్కడ కూర్చునేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. నేను కూడా చూసేదాన్ని కాదు. ఒకసారి స్లిప్ టెస్ట్ పేపర్లు మిగిలిపోతే ఆ బల్ల మీదే దిద్దుకుంటున్నాను. పక్కన కూర్చున్నాయన చాలాసేపు నా ఎర్ర పెన్ను వంక చూసి, "టీచరా అమ్మా?" అన్నాడు. యాభై దాటినాయన, నెత్తిన తెల్లటోపీ. ఎంత కడిగినా వదలని నల్లనూనె గోళ్ళ కింద గీతలు కట్టి ఉంది. పిడుగురాళ్లలో లారీల డీజిల్ పంపులు బాగుచేస్తాడట. అబద్ధం చెబుదామనుకున్నాను కానీ చేతిలో పేపర్లున్నాయి. తలూపాను. ఆ రోజు నుంచి ఆయనకు నేను టీచరమ్మను, నాకు ఆయన అన్న.

మందు మార్చిన రోజు నాకు బాగా గుర్తుంది. కౌన్సెలర్ అమ్మాయి కొత్త డబ్బా తీసి ఆయన ముందు పెట్టింది.

"ఏంది మేడమ్, మాత్ర మారింది?" అన్నాడు.

"కొత్త మందు బాబాయ్. ఇకనించి అందరికీ ఇదే."

"పాతది బాగానే పనిచేస్తందిగా?"

"పాతది వేసుకుంటే తల తిరగతందని, పిచ్చి కలలొస్తన్నాయని మీరే గదా అన్నారు. దీంతో ఆ బాధ తక్కువ. ఇందులో ఇంటిగ్రేజ్‌ను ఆపే మందుంది."

"ఇంటిగ్రేజ్ అంటే ఏంది?"

"వైరస్‌లో ఉండే ఒక ఎంజైమ్. వెనక చానామంది ఉన్నారు బాబాయ్, ముందు నేను చెప్పేది వినండి. గ్యాస్ మందు, ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు దీంతో కలిపి వేసుకోబాకండి."

ఆయన డబ్బా తీసుకుని నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు టీచరమ్మా. ఇంటిగ్రేజ్ అంటే ఏంది?"

నాకు తెలియదు. ఎన్నో ఏళ్ళుగా ఎయిడ్స్ పాఠం చెబుతున్నాను. ఎలా సోకుతుంది, ఎలా సోకదు, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి. ఆ పీరియడ్‌లో నా గొంతు వణకకుండా చూసుకోవడమే నాకు పెద్ద పని అయిపోయేది. పాఠం వెనక ఏముందో తరచి చూసే ధైర్యం ఏనాడూ చేయలేదు. రోజూ మింగే మాత్ర ఒంట్లో ఎక్కడికి వెళ్ళి ఏం చేస్తుందో, పిల్లలకు జీవశాస్త్రం చెప్పే నాకు తెలియదు.

"వచ్చే నెల చెబుతానన్నా," అన్నాను.

"సరే. నెల్లాళ్ళు టైమిచ్చా," అని ఆయన సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి ఫోనులో వెతికాను. అంతా పరిశోధనల ఇంగ్లీషు. రెండు పేజీలు చదివేసరికి పదాలు పదాలుగా విడిపోయి అర్థం మాత్రం చేతికి చిక్కలేదు. అప్పుడు నాకు మాచవరం దగ్గరి పిల్ల గుర్తొచ్చింది. నా దగ్గర ఆరు నుంచి పది దాకా చదివింది. వాళ్ళమ్మ మిరపకోతలకు కూలికి పోయేది. ఇప్పుడు ఆ పిల్ల హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో ప్రోటీన్ల మీద పనిచేస్తోంది. ఫోన్ చేశాను.

"ఇంటిగ్రేజ్ గురించి నీకేమైనా తెలుసా అమ్మా? పిల్లలకు చెప్పాలి."

"పదో తరగతి పిల్లలకా టీచర్?"

"ఆఁ, తెలివైనవాళ్ళు ఉన్నారులే."

"ఫోన్లో చెబితే అర్థం కాదు టీచర్. ఈస్టరుకు ఇంటికొస్తన్నా. బొమ్మలు తెచ్చి చూపిస్తా."

అన్నట్టే వచ్చింది. చర్చి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చి, వంటింట్లో గట్టు మీద ల్యాప్‌టాప్ తెరిచింది. నేను చారు పోపు పెడుతున్నదాన్ని పొయ్యి ఆపేసి ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను. ఒకప్పుడు నేను బోర్డు దగ్గర నిలబడితే ముందు బల్ల మీద కూర్చున్న పిల్ల అది. ఇప్పుడు కూర్చున్నది నేను.

"ముందు మీకు తెలిసింది చెప్పండి టీచర్," అంది, అచ్చం నేను అడిగినట్టే.

చెప్పాను. ఈ వైరస్ తన వివరాలన్నీ ఆర్.ఎన్.ఏ. మీద రాసుకుని వస్తుంది. మన కణంలోకి దిగాక దాన్ని డి.ఎన్.ఏ.గా తిరగరాస్తుంది. అందరి రాతా డి.ఎన్.ఏ. నుంచి ఆర్.ఎన్.ఏ.కు పోతుంటే దీని రాత వెనక్కి నడుస్తుంది, అందుకే రెట్రోవైరస్ అన్నారు. తిరగరాసే ఎంజైమ్ ఒకటుంది. అక్కడితో నా చదువు అయిపోయింది.

"అక్కడ మొదలైద్ది టీచర్ దీని పని," అని ఆ పిల్ల తెర మీద ఒక బొమ్మ పెట్టింది. రంగురంగుల రిబ్బన్లు మెలికలు తిరిగి ఒకదాన్నొకటి కావలించుకున్నట్టుంది. "ఇదే ఇంటిగ్రేజ్. ఒక్కోటి చూస్తే చానా చిన్నది. మూడొందల అమైనో ఆమ్లాలు కూడా ఉండవు. ఇవి కొన్ని కలిసి కట్టుగా నిలబడి పనిచేస్తాయి."

తర్వాత ఒక్కో బొమ్మా మారుస్తూ చెప్పింది. తిరగరాత పూర్తయ్యాక కొత్త డి.ఎన్.ఏ. రెండు కొసల్నీ ఇంటిగ్రేజ్ పట్టుకుంటుంది. ఒక్కో కొసలో ఒక పోగు చివర రెండేసి అక్షరాలు కత్తిరించి పడేస్తుంది. అలా చెక్కితేనే ఆ కొసలు అతుక్కోవడానికి సిద్ధమవుతాయి. కణం కేంద్రకంలోకి చేరాక, ఇంటిగ్రేజ్ మన ప్రోటీన్ ఒకదాన్ని పట్టుకుంటుంది. ఎక్కడ జన్యువులు బాగా పనిచేస్తుంటాయో అక్కడ కూర్చోవడం ఆ ప్రోటీన్‌కు అలవాటు. దాని వెంట వెళ్ళి సందడిగా ఉన్న చోట మన డి.ఎన్.ఏ.ను కోసి, చెక్కిన కొసల్ని అందులో అతికిస్తుంది.

"అతికించాక అటూ ఇటూ చిన్న ఖాళీలు మిగులుతాయి టీచర్. వాటిని అది పూడ్చదు. మన కణమే వచ్చి పూడ్చుకుంటది. డి.ఎన్.ఏ. ఎక్కడన్నా తెగితే బాగుచేసే ఎంజైమ్‌లు మనకున్నాయి గదా, అవి ఇదేదో మామూలు దెబ్బ అనుకుని శుభ్రంగా అతుకేసి పోతాయి."

నేను గోడకు ఆనుకున్నాను. నా ఒంట్లో అది జరిగిన రోజు నేనేం చేస్తూ ఉండి ఉంటాను? బోర్డు తుడుస్తూ ఉన్నానో, బియ్యం ఏరుతూ ఉన్నానో. నాకు చెప్పకుండా, నొప్పి తెలియనివ్వకుండా నా ఒళ్ళే దానికి ఆఖరి కుట్టు వేసిందన్నమాట.

"చానాకాలం దీనికి ఈ ఒక్క పనే అనుకున్నారు," అంది ఆ పిల్ల. ఆ మాట అంటున్నప్పుడు తన కళ్ళు మెరిశాయి. "కానీ దీన్లో అక్కడక్కడా చిన్న మార్పు చేసి చూశారు. కత్తిరించే చోటు జోలికి పోకుండానే. అయినా వైరస్ పనిచేయలా. తిరగరాత కూడా కొన్నిసార్లు కుంటుపడింది. అంటే ఆ రాసేదానికి కూడా ఇది పక్కన నిలబడి సాయం చేస్తందన్నమాట. ఇంక ఇది చూడండి."

రెండు నలుపు తెలుపు ఫోటోలు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో తీసినవి. మొదటిదాంట్లో గుండ్రటి వైరస్, దాని లోపల శంకువులాంటి గుల్ల, ఆ గుల్ల నిండా చిక్కటి నలుపు. రెండోదాంట్లో గుల్ల ఉంది కానీ ఖాళీ. నలుపంతా గుల్ల బయట, ఒక మూల ముద్దగా పడి ఉంది.

"ఆ నలుపేంటి?"

"ఎక్కువగా ఆర్.ఎన్.ఏ.నే టీచర్. వైరస్ రాత మొత్తం. కొత్త వైరస్ కణంలోంచి బయటికొచ్చి తయారయ్యేటప్పుడు ఇంటిగ్రేజ్ ఆ ఆర్.ఎన్.ఏ.ని పట్టుకుని ఉంటది. పట్టుకుంటేనే అది గుల్ల లోపల సర్దుకుంటది. పట్టు తప్పితే ఇదిగో, ఇట్టా బయట పడిపోయిద్ది. ఈ వైరస్ ఇంకో కణంలోకి పోయినా ఏం చేయలేదు. గుల్లలో లేని రాత అక్కడ పాడైపోయిద్ది."

"కోయడానికీ అదే, పట్టుకోవడానికీ అదేనా?"

"అదే. కోసే చోటు వేరు, పట్టుకునే చోటు వేరు. పుట్టేటప్పుడు ఒక పని, ఇంకో కణంలో దిగాక ఇంకో పని." చున్నీ సర్దుకుని, "మొత్తం కలిపి ఈ వైరస్‌కు తొమ్మిది జన్యువులే టీచర్. మా ఇంట్లో మా అమ్మ ఒక్కతే ఉండేది గదా. కోతకు పోయేది, గొడ్డుకు మేతేసేది, మాకు జడలేసేది. మనుషులు తక్కువైతే ఒక్కరే అన్నీ చేయాల," అంది.

నేను ఆ రెండో ఫోటో వంక చూస్తూ ఉండిపోయాను. నా భర్తను తీసుకుపోయినదాన్ని చూసి అబ్బురపడటం తప్పేమో అనిపించింది. కానీ పడ్డాను. కంటికి కనిపించనంత చిన్నది, ప్రాణం ఉందో లేదో కూడా తేల్చి చెప్పలేనిది, ఇంత పనిమంతురాలు. ఇన్నేళ్ళూ దాన్ని నేను పాపమనో, శిక్ష అనో అనుకుంటూ వచ్చాను. అది నన్నేమీ అనుకోలేదు. దాని పని అది చేసుకుంది, అంతే. ఆ సంగతి తెలిసి గుండెల మీంచి ఏదో లేచిపోయినట్టయింది.

"ఇది పిల్లల కోసం కాదమ్మా," అన్నాను. "నా కోసం."

ఆ పిల్ల నా వైపు తిరిగింది. బయటివాళ్ళతో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి.

"ఎప్పటి నుంచి టీచర్?"

"నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పటి నుంచి."

"మాకు ఎయిడ్స్ పాఠం మీరే చెప్పారు."

"చెప్పాను."

తను లేచి వచ్చి నా చెయ్యి పట్టుకోలేదు, అయ్యో అనలేదు. కళ్ళు మాత్రం నిండాయి. చున్నీతో ఒత్తుకుని, "ఏ మందిస్తన్నారు మీకు?" అంది. డబ్బా తెచ్చి చూపించాను. పేరు చదివి తల ఊపి, ల్యాప్‌టాప్‌లో ఏదో వెతికింది.

"ఇదిగో టీచర్. మీ మాత్ర."

మళ్ళీ ఆ రిబ్బన్ల బొమ్మే. ఈసారి దగ్గర నుంచి. వైరస్ డి.ఎన్.ఏ. కొసకూ ఎంజైముకూ మధ్య, సందులో ఇమిడి కూర్చున్న చిన్న కర్రలబొమ్మ లాంటిది ఉంది. దాని పక్కన రెండు ఆకుపచ్చ చుక్కలు.

"ఆ చుక్కలు మెగ్నీషియం. అవి లేకపోతే ఇంటిగ్రేజ్ కోయలేదు, అతికించలేదు. మీ మందు పోయి ఆ రెండింటినీ పట్టుకుని కూర్చుంటది. ఇంక కొస కదల్లేదు."

"అతికినదాన్ని తీయలేదా?"

"తీయలేదు టీచర్," అంది, నిదానంగా. "ముందే అతికినయ్యి కొన్ని కణాల్లో నిద్రపోతా ఉంటాయి. మందు ఆపితే లేస్తాయి. అందుకే రోజూ వేసుకోవాల. కొత్తగా ఒక్కటి కూడా అతక్కుండా ఇది కాపలా కాస్తది."

ఆ రోజు ఇద్దరం చారన్నం తిన్నాం. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "మిమ్మల్నే వంగోబెట్టి రెండు దెబ్బలేయాల టీచర్, ఇన్నేళ్ళు చెప్పకుండా ఉన్నదానికి," అంది. నేను నవ్వాను.

తర్వాతి నెల బల్ల మీద అన్న నాకంటే ముందే ఉన్నాడు. "ఏం టీచరమ్మా, చదివావా?" అన్నాడు.

చుట్టూ జనం ఉన్నారు. గొంతు తగ్గించి చెప్పాను. కొసలు చెక్కడం, కోయడం, అతికించడం, మన ఒళ్ళే పూడ్చుకోవడం, మళ్ళీ కొత్తది పుట్టేటప్పుడు రాతను గుల్లలో సర్దడం. పక్కన కూర్చున్న ఇద్దరు ముగ్గురు కూడా వింటున్నారని నాకు కాసేపటికి తెలిసింది. ఒకామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకు వంగింది. ఆ బల్ల మీద అందరూ ఒకే మాట వినడం నేను అంతకుముందు చూడలేదు.

అన్న చాలాసేపు తన వేళ్ళ వంక చూసుకున్నాడు. "పంపులో పార్టు అరిగితే ఏ పార్టు ఏ పని చేస్తదో చెప్పగలను నేను. ఒక్క పార్టు ఇన్ని పనులు చేయడం చూళ్ళేదమ్మా," అన్నాడు. తర్వాత, "అల్లా చేసిన పనుల్లో మనకు తెలిసింది ఎంత," అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

నేను మెగ్నీషియం సంగతి చెప్పాను. గ్యాస్ మందుల్లో మెగ్నీషియం, అల్యూమినియం ఉంటాయనీ, కడుపులోనే ఈ మందు వాటిని పట్టుకుని కూర్చుంటే ఒంట్లోకి సరిగా చేరదనీ, అందుకే కలపొద్దన్నారనీ అన్నాను.

ఆయన ముఖం మారింది. సంచీలోంచి గులాబీరంగు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. సగం ఖాళీగా ఉంది. "పొద్దున్నే మాత్ర వేసుకుంటా. వేసుకోంగానే రెండు మూతలు ఇది తాగుతా. నాకు గుండెల్లో మంట."

ఇద్దరం కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళాం. "నేను చెప్పా గదా బాబాయ్, కలపొద్దని," అంది ఆ అమ్మాయి.

"చెప్పావు. ఎందుకో చెప్పలా."

ఆ అమ్మాయి డబ్బా ముందుకు లాక్కుంది. పెన్ను తీసుకుని డబ్బా మీద రాసింది. ముందు మాత్ర, రెండు గంటలు ఆగి గ్యాస్ మందు.

"మరి కిళ్ళీలో సున్నం?" అన్నాడు అన్న.

"అది కూడా రెండు గంటలు ఆగి నమలండి బాబాయ్. అసలు మానేస్తే ఇంకా మంచిది."

డాక్టరు రక్తపరీక్షకు రాశారు. ఫలితంలో వైరస్ కొంచెం కనిపించిందట. అన్న ఆ కాగితం నాకు చూపించాడు. మూడు నెలలు పద్ధతిగా వేసుకోమనీ, మళ్ళీ పరీక్ష చేద్దామనీ చెప్పారు. ఆ మూడు నెలలూ ఆయన బల్ల మీద కూర్చున్న కొత్తవాళ్ళను ఎవర్నీ వదిలిపెట్టలేదు. "గ్యాస్ మందు తాగుతావా? ఎప్పుడు తాగుతావు? మెగ్నీషియం ఉంటది దాంట్లో, తెలుసా?" అని అడిగేవాడు.

మూడు నెలల తర్వాత ఫలితం వచ్చింది.

"కనబడలేదంట," అన్నాడు నా దగ్గరకొచ్చి.

"మంచిదన్నా."

"లేకపోలేదు. కనబడటంలా, అంతే. నువ్వే చెప్పావుగా." కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. వాళ్ళింట్లో ఆమె చేసిందని ఒక డబ్బాలో సేమ్యా తెచ్చాడు. చెంచా ఒక్కటే ఉంది. నేను డబ్బా మూతలో వేసుకుని తిన్నాను.

ఆ రోజు బస్సు నరసరావుపేటలో కదిలేసరికి ఫోనులో హైదరాబాదు నుంచి ఆ పిల్ల పంపిన మెసేజ్ ఉంది. అన్న గ్యాస్ మందు సంగతి ముందురోజే రాశాను, దానికి జవాబు. చివర్లో ఇలా ఉంది: "మీకొకటి చెప్పడం మర్చిపోయా టీచర్. కోట్ల ఏళ్ళ కిందట మన పూర్వీకుల్ని ఇట్టాంటి రెట్రోవైరస్‌లే పట్టుకున్నాయి. వాటి ఇంటిగ్రేజ్‌లు అతికించిన ముక్కలు కొన్ని అండాల్లోకి, వీర్యకణాల్లోకి చేరి తరతరాలుగా దిగి వస్తన్నాయి. మనిషి డి.ఎన్.ఏ.లో దాదాపు ఎనిమిది శాతం అయ్యే. అందరిలో ఉన్నాయి. వాటిల్లో ఒక జన్యువు లేకపోతే తల్లి కడుపులో బిడ్డను సాకే మాయ సరిగా కట్టదు."

రెండుసార్లు చదివాను. తలెత్తి చూశాను. బస్సు నిండా జనం. రాతి క్వారీలో పని దిగి వస్తున్నవాళ్ళు, జుట్టులో తెల్లదుమ్ము. యూరియా బస్తా మీద కూర్చున్న రైతు. కండక్టరు. ముందు సీట్లో చీటికీమాటికీ దెబ్బలాడుకుంటున్న అక్కాచెల్లెళ్ళు. ఇన్నేళ్ళూ ఈ బస్సులో స్కార్ఫ్ వెనక నేనొక్కదాన్నే ఏదో మోసుకెళ్తున్నాననుకున్నాను. ఎవరూ ఖాళీగా లేరు. అందరి ఒంట్లోనూ ఎవరో ఎప్పుడో వేసిన అతుకులు ఉన్నాయి, వాళ్ళు వాటితో మిరపకాయల ధర గురించి మాట్లాడుకుంటున్నారు.

నా పక్కన నిలబడ్డది నిండు కడుపుతో ఉన్న పిల్ల. చేతిలో స్కానింగ్ కవరు. వెనక వాళ్ళమ్మ. నేను ఆ పిల్ల కడుపు వంకే చూస్తున్నానని వాళ్ళమ్మకు అనుమానం వచ్చినట్టుంది.

"ఏందమ్మా, అట్టా చూస్తన్నావ్?" అంది.

"ఏం లేదమ్మా. ఎన్నో నెల?"

"ఎనిమిది పడ్డయ్యి. దిష్టి పెట్టబాక."

"పెట్టనులే," అని లేచి, స్కార్ఫ్ విప్పి మడిచి సంచీలో పెట్టుకుని, కిటికీ పక్క సీటు ఆ పిల్లకిచ్చాను. గురజాల దాకా నిలబడే వచ్చాను.